వెనక సముద్రం

పద్మాపూర్ గని కాలనీలో తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఇరుకు క్వార్టర్లు కావడంతో ఎదురింటి టీవీ కూడా మా ఇంట్లోనే మోగేది. కొత్తగా కేబుల్ వచ్చిన రోజులు. అందులోనే ఒకసారి మనిషన్నవాడు లేని సముద్ర తీరం చూశాను. అప్పటినుంచి ఒకటే పిచ్చి: అలాంటి సముద్రాన్ని నేను ఫోటో తీయాలి. నీ మనసులో ఏముందని ఎవరైనా అడిగితే నోరు విప్పకుండా దాన్ని చూపించాలి. అడిగేవాళ్ళు ఎవరూ లేరనుకోండి, అయినా సరే.

పక్కనే ఉన్న చంద్రపూర్‌లో అప్పుడే వీధికొక ఇంగ్లీషు మీడియం బడి లేస్తోంది. అలాంటి ఒకదాంట్లో టీచరుగా చేరి కెమెరా కొనుక్కున్నాను. మా బాపు గనిలో డంపర్ నడిపేవాడు. కుటుంబంతో ఎటైనా తిరిగిరమ్మని కొన్నేళ్ళకోసారి ఇచ్చే సెలవు ఆయనకు ఆ ఏడాదే వచ్చింది. అందరిలాగా తిరుపతి పోదామన్నాడు. నేను అలిగి, అన్నం మానేసి, విశాఖపట్నం అనిపించాను. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అవ్వ మాత్రం "సముద్రంల ఏముంటదే, నీళ్ళే గద" అంటూనే దారికి రొట్టెలు కట్టింది.

ఇసుకలో అడుగు పెట్టగానే చెప్పులు అక్కడే వదిలేసి నీళ్ళ దాకా పరుగెత్తాను. లోకంలో అంత ఖాళీ ఉంటుందని అనుకోలేదు. అవ్వ మాత్రం దుప్పటి పరిచి, అందరి చెప్పులూ సంచీ పక్కన పెట్టుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. దొంగలు అటునుంచే వస్తారట. నేను అలలను తీస్తూ పోతుంటే బాపు వెంటబడ్డాడు.

"ఏందే, మనిషి లేకుంట గీ ఫోటోలు? రీలంత ఖరాబ్ చేస్తున్నవ్. మమ్ముల తియ్యి."

ఆయన పోరు పడలేక ఒకటి తీశాను. ఇద్దరూ సముద్రానికి వీపు పెట్టి, ఓటరు కార్డు ఫోటోకు బిగుసుకున్నట్టు నిలబడ్డారు. అవ్వ చంకలో సంచి అలాగే ఉంది. క్లిక్‌మనగానే మళ్ళీ చెప్పుల దగ్గరికి పరుగెత్తింది.

తిరిగొచ్చాక రీలు బస్టాండు దగ్గరి స్టూడియోలో ఇచ్చాను. వాళ్ళు కలర్ రీళ్ళు నాగ్‌పూర్ ల్యాబ్‌కు పంపేవారు. కవరు వచ్చాక విప్పితే లోపల ఒకటే ఫోటో, బాపు, అవ్వ.

"మిగతావి ఏవి?" అన్నాను.

స్టూడియో ఆయన తెలుగువాడే, చదువంతా మరాఠీలో. "గవి ఖాలీ వచ్చినయి తాయీ. మనుషులు లేనివి ల్యాబ్‌ల ప్రింట్ కొట్టరు, వేస్ట్ కింద లెక్క. మీకే బచత్ గద, పైసలు మిగిలినయి!" అన్నాడు, మేలు చేసినవాడిలా నవ్వుతూ.

పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తప్ప వేరేవి చూడని ల్యాబు. మనిషి లేడంటే చెయ్యి తగిలి నొక్కుకుపోయిన ఫోటో అనే అనుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి నెగటివ్‌లు కిటికీకి ఎత్తి చూస్తే, నా సముద్రమంతా ఇటుక రంగులో ఉంది. కూర్చుని ఏడ్చాను.

మర్నాడు వెళ్ళి, ఎవరూ లేనిది ఒకటి పెద్దదిగా చేయించమన్నాను. "మూలకు మీ బాపును, అవ్వను అతికియ్యాల్నా?" అని అడిగాడు. వద్దని దండం పెట్టాను.

ఆ సముద్రాన్ని ముందుగదిలో వేలాడదీస్తే, వచ్చినవాళ్ళందరూ "ఇందుల నువ్వెక్కడున్నవ్?" అని వెతికేవారు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అవ్వ గోడ వైపు పీట వేసుకుని, ఒళ్ళో బియ్యం చేటతో కూర్చుంది. ఏరుతున్న చెయ్యి ఆగిపోయి ఉంది.

"మనం పోయిన్నాడు గూడ గిట్లనే ఉండెనా?"

"గా రోజుదే అవ్వా. నువ్వు కూసున్న కాడినుంచే తీసిన."

అవ్వ ఇంకా చూస్తూనే ఉంది. "గింత ఉండెనా! నేను చెప్పులకు కావలి ఉంటి. ఫోటోల గూడ మమ్ముల ఇటే తిప్పి నిలవెడ్తివి. గటు తిప్పి తీస్తే నేను గూడ చూస్తుంటి గద బిడ్డా."

"మళ్ళ పోదాం. నిన్ను గటే తిప్పి తీస్త" అన్నాను.

"గప్పుడు చెప్పులు మీ బాపు చూస్కుంటడు తియ్యి" అని మళ్ళీ బియ్యంలో చెయ్యి పెట్టింది.

బాపుకు మళ్ళీ ఆ సెలవు వచ్చేసరికి అవ్వ లేదు.

తర్వాత ఎన్ని తీరాలు తిరిగానో. ఇప్పటికీ ఎవరూ లేని సముద్రాన్నే తీస్తాను. చూసినవాళ్ళు ఎడమవైపు అంత ఇసుక ఎందుకు వదిలారు, ఫోటో ఒక పక్కకు ఒరిగిపోయింది కదా అంటారు. ఒరుగుతుందని నాకూ తెలుసు. కెమెరా ఎత్తగానే ముందు అవ్వకు చోటు చూస్తాను, నావైపు వీపు, సముద్రం వైపు మొహం. చెప్పులు నా దగ్గరే పెట్టుకుంటాను.