వ్యాన్‌లో ఇంగ్లీషే మాట్లాడాలి

ఆ ప్రయాణానికి మా ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. బయల్దేరిన క్షణం నుంచి తిరిగొచ్చేదాకా వ్యాన్‌లో ఎవరూ తెలుగు మాట్లాడకూడదు. ఆ వ్యాన్‌లో ఉన్నదే మేం ముగ్గురం తెలుగువాళ్లం.

ఎందుకు పెట్టారో ముందు చెప్పాలి. తొంభైల మొదటి రోజులవి. తెనాలి నుంచి సిడ్నీ వచ్చి మాకు ఏడాది కూడా కాలేదు. ఆయనకు పారమట్టాలో మంచినీటి సరఫరా ఆఫీసులో ఇంజినీరు ఉద్యోగం. పెండిల్ హిల్‌లో చిన్న ఫ్లాటు. ఇప్పుడున్నన్ని ఇండియన్ కొట్లు అప్పుడు లేవు, కందిపప్పు దొరికితే పండగే. మా అమ్మాయికి ఏడేళ్లు. తెనాలిలో దాని వాగుడు ఆపడానికి నోట్లో బెల్లం ముక్క పెట్టేదాన్ని. అలాంటి పిల్ల ఇక్కడ బడిలో చేరిన రోజు నుంచి నోరు విప్పలేదు. రాయమంటే రాస్తుంది, రమ్మంటే వస్తుంది, అడిగితే తలూపుతుంది. మాట మాత్రం లేదు.

టీచరు మంచి మనిషే, నేను కాదనను. మమ్మల్ని పిలిపించి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, అలవాటవుతుంది అని చెప్పింది. మాలాంటి ఇళ్లల్లో టీచరు మాటంటే డాక్టరు రాసిచ్చిన మందే. ఎందుకు, ఏమిటి అని అడగడం ఉండదు. ఆ సాయంత్రం నుంచే మా ఆయన మందు మొదలుపెట్టారు.

నేను చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషు పేపరు చదవగలను. మాట్లాడాలంటే మాత్రం ముందు మనసులో వాక్యం కట్టుకుని, అందులో తప్పులు ఏరుకునేసరికి ఎదుటి మనిషి వెళ్లిపోయేవాడు. ఇంగ్లీషులో నేను చాలా మర్యాదస్తురాలిని. ప్లీజ్ అనేదాన్ని, థాంక్యూ అనేదాన్ని. కోపమొస్తే ఏమనాలో తెలియక ఊరుకునేదాన్ని. నన్ను ఎరిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. ఆయన ఆఫీసులో నెట్టుకొచ్చేవారు గానీ, ఇంట్లో కబుర్లాడేంత ఇంగ్లీషు ఆయన దగ్గరా లేదు. భోజనాల దగ్గర “సాల్ట్ ప్లీజ్”, “ఎనఫ్”, “గుడ్”, అంతటితో సరి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని. అంతవరకూ బడిలో మాత్రమే మాట్లాడని పిల్ల, ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది.

వసంతం సెలవులకు ముందు బడివాళ్లు మళ్లీ పిలిచారు. వచ్చే టర్ములోనూ ఇలాగే ఉంటే ఇంకో బడిలో ఉన్న ప్రత్యేకమైన క్లాసుకు పంపాల్సి వస్తుందని చెప్పారు. చాలా మెత్తగా చెప్పారు. దారిలో నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, పథకం వేశారు.

“ఇల్లయితే ఏదో ఒక గదిలో దాక్కుంటుంది. వ్యాన్‌లో ఎక్కడికి పోతుంది?” అన్నారు. అది చెప్పడానికి మాత్రం తెలుగు వాడుకున్నారు.

ఆఫీసులో ఒక పెద్దాయన తన కాంపర్‌వ్యాన్ తీసుకెళ్లమన్నాడట. లోపలే పడకలు, రెండు పొయ్యిల స్టవ్వు, కావాలంటే పైకి లేచే కప్పు. నేషనల్ పార్కుల్లో తిరుగుతామట, పిల్ల కంగారూలను చూస్తుందట, చూశాక వాటి గురించి మాట్లాడకుండా ఉండలేదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదు. క్యాంపింగ్ అంటే బ్రెడ్డు, డబ్బాలో వచ్చే చిక్కుడు గింజలు అని కూడా ఆయనకు ఆఫీసులో ఎవరో చెప్పారు. నేను మాత్రం సీటు కింద పాత తువ్వాలులో చుట్టి ప్రెషర్ కుక్కరు, బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా దాచాను. భాష అంటే వదులుకున్నాను గానీ అన్నం వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

బ్లూ మౌంటెన్స్ దాటి, మడ్జీ మీదుగా వారంబంగల్ కొండల పార్కుకు చేరాం. దారి పొడుగునా గోధుమ చేలు, గొర్రెల మందలు. బాగుందని చెప్పబుద్ధయ్యేది. “వెరీ నైస్” అనేదాన్ని. కాసేపటికి ఇంకో లోయ వచ్చేది. దానికీ “వెరీ నైస్” అనేదాన్ని. ఆ పార్కులో ఒక రాయి ఉంది, కొండ మీద సన్నటి గోడలా నిట్టనిలువుగా లేచి ఉంటుంది. దాన్ని అక్కడివాళ్లు రొట్టె కోసే కత్తి అంటారు. మా ఇంట్లో అయితే ఆ ఒక్క పేరు మీద గంటసేపు నవ్వుకునేవాళ్లం. వ్యాన్‌లో ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దున్నే ఒక ఈమూ పక్షి వచ్చి కిటికీలోంచి తల లోపలికి పెట్టి మా బ్రెడ్డు వంక చూసింది. మా అమ్మాయి కళ్లు ఇంతలేసి చేసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు తెరిచింది కూడా. వెంటనే మా ఆయన, “ఎస్? వాట్ ఈజ్ దిస్? టెల్ మీ!” అంటూ ముందుకు వంగారు. అది నోరు మూసేసుకుంది. ఈమూ కూడా భయపడి వెళ్లిపోయింది. ఆయన మొహం చూస్తే ఆ రోజు నాకు కోపం కంటే జాలే ఎక్కువ వేసింది. పిల్ల కోసం ఆయన పడే తపన నిజమైనదే.

అక్కడి నుంచి ఇంకా ఉత్తరాన కపూటార్ కొండ మీది పార్కుకు వెళ్లాం. ఇరుకు మట్టి దారిలో పైకి ఎక్కితే తెల్లటి మానుల చెట్ల మధ్య క్యాంపు ఉంది. మేము కాక ఇంకొక్క గుడారమే ఉంది, అందులో ఒక ముసలి జంట. మధ్యాహ్నం మబ్బు పట్టింది. నడకకు బయల్దేరే ముందు ఆ పైకప్పు దించమని చెప్పాను. “రూఫ్... డౌన్... ప్లీజ్” అన్నాను. “లేటర్” అన్నారాయన.

మేము తిరిగొచ్చేసరికి వాన కుమ్మరిస్తోంది. ఎత్తిన కప్పు చుట్టూ ఉండే గుడ్డలోంచి నీళ్లు దిగి పరుపులు, దుప్పట్లు, పిల్ల బట్టలు అన్నీ నానిపోయాయి. కొండ మీద చలి. అమ్మాయి ఒక మూల వణుకుతూ కూర్చుంది. నేను నోరు తెరిచానో లేదో మా ఆయన బకెట్టు పట్టుకుని, “ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్. ది చైల్డ్...” అన్నారు.

అంతే. ఇన్ని నెలలుగా మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“ఏం ఇంగ్లీషండీ, ఏం ఇంగ్లీషు! ఇంగ్లీషులో చెప్తే ఈ పరుపు ఆరిపోద్దా? మబ్బు పట్టింది, ఆ టాపు దించండీ అని మొత్తుకున్నానా లేదా? లేటరంట లేటరు! ఊరందరికీ నీళ్ల పైపులేసే ఇంజినీరుగారు, సొంత పెళ్లాం బిడ్డల నెత్తిన చుక్క పడకుండా ఆపలేకపోయారు! మీ ఆఫీసోళ్లకి చెప్పండి, మా వ్యాన్‌లో కూడా సప్లయ్ ఇచ్చానని, ఇరవై నాలుగ్గంటలూ నీళ్లేనని!”

వెనక ఏదో చప్పుడయింది. పిల్ల ఏడుస్తోందనుకున్నాను. ఆగలేదు నేను.

“ఆ టీచరమ్మకేం, నాలుగు మాటలు చెప్పి ఇంటికెళ్లిపోయింది. మీరు మా గొప్పగా పాటించారు. ప్లీజులూ థాంక్యూలూ! అద్దెకొచ్చినోళ్లలాగా ఉంటున్నాం ముగ్గురం. ఇది నన్ను అమ్మా అని పిలిచి ఎన్నాళ్లయిందో మీకు పట్టిందా? దాని గొంతు ఎట్టా ఉంటదో మర్చిపోయానండీ నేను!”

అక్కడ ఆగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. అప్పుడు తిరిగి చూశాను. మా అమ్మాయి ఏడవడం లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది.

చేతులు తీసి, “ఆపావేంటమ్మా? ఇంకా తిట్టు నాన్నని” అంది.

మా ఆయన చేతిలో బకెట్టు అలాగే ఉంది. వాన ఆయన నెత్తి మీదే పడుతోంది. “తిట్టవే, పిల్ల అడుగుతోందిగా” అన్నారు, తెలుగులో. ఎంత వెతుక్కున్నా నాకప్పుడు ఒక్క తిట్టు కూడా దొరకలేదు. పిల్లని ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. అది నా బుగ్గలు తుడుస్తూ ఇంకా తిట్టమని మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం తడిసిన బట్టలన్నీ పిండి, పొడిగా మిగిలిన ఒక్క దుప్పటీ ముగ్గురం కప్పుకుని కూర్చున్నాం. గట్టు తెగినట్టు మాట్లాడింది మా అమ్మాయి. బడిలో ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరి డబ్బాలో రోజూ ఏం తెస్తారో, టీచరు జడ ఏ రోజు ఎలా వేసుకుంటుందో, ఒకటి కాదు. ఈమూ ముక్కు మన పక్కింటి తాతగారి ముక్కులా ఉందని కూడా చెప్పింది. అన్నీ చూసింది, అన్నీ విన్నది, అంతా అర్థమైంది దానికి.

“మరి బడిలో ఎందుకు మాట్లాడవు తల్లీ?” అన్నారు మా ఆయన, చాలా నెమ్మదిగా.

“తప్పులొస్తే?”

“వస్తే ఏమవుతుంది?”

“నువ్వూ అమ్మా కూడా తప్పులొస్తాయనేగా మాట్లాడట్లేదు? ఇంగ్లీష్ అంటే బాగా వచ్చేదాకా మాట్లాడకూడదు కదా” అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు.

ఇంగ్లీషు నేర్పుతున్నామనుకుంటూ, ఇన్నాళ్లూ దానికి మేము శ్రద్ధగా నేర్పింది ఇదన్నమాట.

మర్నాడు ఎండ కాసింది. బట్టలు చెట్లకు కట్టిన తాడు మీద వేసి, సీటు కింద నుంచి కుక్కరు తీశాను. మా ఆయన దాన్ని చూసి స్టవ్వు వెలిగించారు. ఆ నిశ్శబ్దమైన అడవిలో మా కుక్కరు మొదటి విజిల్ వేసేసరికి చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. గుడారంలోని ముసలాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఆయన భార్య. గ్యాసు పేలుతోందనుకున్నారు పాపం.

మామూలుగా అయితే నేను లోపలికి పారిపోయి మా ఆయన్ను ముందుకు తోసేదాన్ని. ఆయన కూడా మాట్లాడబోయారు. నేను చేత్తో ఆపాను. మా అమ్మాయి మెట్టు మీద కూర్చుని చూస్తోంది. నేనే దిగి వెళ్లాను. మనసులో వాక్యం కట్టుకోలేదు.

“సారీ, సారీ! నో బాంబ్. దిస్ ఈజ్ కుకింగ్ పాట్. ఇన్‌సైడ్ వాటర్ ఈజ్ యాంగ్రీ. దెన్ షౌటింగ్” అన్నాను.

ఆ ముసలావిడ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. చచ్చిపోలేదు నేను, భూమి బద్దలవలేదు. “వాట్ ఆర్ యూ కుకింగ్, లవ్?” అని అడిగిందావిడ. “పప్పు” అన్నాను. పప్పుని ఇంగ్లీషులో ఏమంటారో ఎంతకీ గుర్తు రాలేదు. “ఎల్లో... స్మాల్... వెరీ సాఫ్ట్...” అని చేతులు తిప్పుతున్నాను.

“ఇట్స్ జస్ట్ లెంటిల్స్” అని వెనక నుంచి వినిపించింది. “ఇట్ విజిల్స్ త్రీ టైమ్స్ అండ్ దెన్ మమ్ టర్న్స్ ఇట్ ఆఫ్. ఇట్స్ నాట్ డేంజరస్.”

అచ్చం ఇక్కడి పిల్లల యాసే. మెట్టు దిగి వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది. ముసలావిడ ఇంకేదో అడిగింది, ఇది జవాబు చెప్పింది. నేను తప్పు చెప్పినచోట సరిదిద్దింది కూడా. మా ఆయన స్టవ్వు దగ్గర నిలబడి కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో మర్చిపోయారు. పప్పు అడుగంటింది. అయినా ఐదుగురం ఎండలో కూర్చుని ఆవకాయ వేసుకుని ఆ మాడు పప్పన్నమే తిన్నాం.

సెలవులైపోయి బడి తెరిచిన రోజు నాకు అన్నం సయించలేదు. కొండ మీద ఇద్దరు ముసలివాళ్లతో మాట్లాడటం వేరు, ముప్ఫై మంది పిల్లల ముందు మాట్లాడటం వేరు. బడి వదిలే వేళకు చాలా ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. టీచరు పిల్ల చెయ్యి పట్టుకుని తనే వచ్చింది.

“ఈ రోజు మీ అమ్మాయి చోటు మార్చాల్సి వచ్చింది” అంది టీచరు. “పక్క పిల్లతో ఒకటే కబుర్లు. పాఠం చెప్పనివ్వలేదు.” అంటూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది. వేరే క్లాసు సంగతి ఇక మర్చిపొమ్మంది.

ఇంటికెళ్లేదాకా ఆగలేకపోయాను. బడి ఎదురుగా ఉన్న ఫోన్ బూత్ నుంచి ఆయన ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆఫీసులో ఎప్పుడూ గొంతు తగ్గించి ఇంగ్లీషులోనే మాట్లాడే మనిషి, “మాట్లాడిందా? మన పిల్లేనా? ఏం మాట్లాడిందే?” అని అరిచారు. నేను చెప్పేలోపే మా అమ్మాయి ఫోను లాక్కుంది. పొద్దున్న గంట కొట్టిన దగ్గర నుంచి మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో నవ్వు. అవతల ఆయనకు ఒక్క మాటకైనా సందు దొరికి ఉండదు.

బూత్ బయట ఒకావిడ నిలబడి చాలాసేపటి నుంచి ఎదురు చూస్తోంది. చివరికి అద్దం మీద వేలితో తట్టి, ఇంకా ఎంతసేపని అడిగింది. నేను తలుపు కొంచెం తెరిచి, నాకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను.

“ప్లీజ్ వెయిట్. మై డాటర్ ఈజ్ టాకింగ్.”