ఓపీ క్యూ ఆగని మధ్యాహ్నం

జమ్మలమడుగులో సిస్టరమ్మ పోయిందని మొన్న ఆదివారం ఆమె తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. ప్రొద్దుటూరులో మా ఆసుపత్రి కంప్యూటరు గదిలో ఎనిమిదేళ్లు ఆమె పక్క కుర్చీలో పనిచేశాను. కాగితం మీద ఇంజనీరును నేను. పని నేర్పింది ఆమె.

వార్డులో ఏళ్లకేళ్లు నర్సుగా చేసి, మోకాళ్లు అరిగి నిలబడలేక ఈ గదికి మారిన మనిషి. మిషనరీ బడిలో నేర్చిన గుండ్రటి చేతిరాతతో ప్రతి లోపాన్నీ నోటుబుక్కులో రాసేది. నాకు తెలియనిది అడిగితే, "నాకూ తెలీదప్పా, సూద్దాం పా" అనేది. తెలియదని అంత ధైర్యంగా చెప్పేవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

మాది ఒకటే సర్వరు. అందులో విడివిడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషిన్లు మూడు: రోగుల వివరాలు దాచే డేటాబేసు, ఓపీ చీటీలిచ్చేది, ల్యాబు రిపోర్టులది. కరెంటు పోయి వస్తే మూడూ ఒకేసారి లేచేవి. డేటాబేసు సిద్ధం కాకముందే మిగతా రెండూ దానికోసం వెతికి, దొరక్క ఆగిపోయేవి. ఒక్కొక్కదాన్నీ నేను చేత్తో లేపేసరికి గంట పట్టేది. ఒకసారి సింహాద్రిపురం నుంచి సుగరు పరీక్షకు పరగడుపున వచ్చిన ముసలాయన కిటికీ పట్టుకుని, "యాడప్పా నా చీటీ? కండ్లు తిరగతాండాయి" అన్నాడు. సిస్టరమ్మ పరుగున వెళ్లి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంకొక్కసారి ఇట్లయితే పాత రిజిస్టర్లే మేలు, ఈ గదికి తాళమేస్తానని మేనేజరు ఆ వారమే తేల్చేశాడు.

"మూడింటినీ ఒకేసారి లేపొద్దప్పా. ముందు డేటాబేసు. అది లేసిందా అని కాదు, పలుకుతాందా అని సూడల్ల. వార్డులో కండ్లు తెరిసినోళ్లంతా తెలివిలో ఉండరు" అంది సిస్టరమ్మ.

అలాగే అమర్చాం. డేటాబేసు జవాబిచ్చేదాకా మిగతావి ఆగాలి. ల్యాబు పడిపోతే దాన్నొక్కదాన్నే మూడుసార్లు లేపి చూడాలి, ఓపీని కదిలించకూడదు. అప్పటికీ లేవకపోతే మా ఫోన్లు మోగాలి.

బ్యాకప్పు తీసుకుని, భోజనాల తర్వాత ఓపీ తెరవడానికి కాస్త ముందు, మేనేజరు ఎదుటే ఆమె సర్వరుకు కరెంటు తీసి మళ్లీ వేసింది. డేటాబేసు పలికింది. ఓపీ లేచింది. ల్యాబు లేవలేదు. రెండోసారీ లేవలేదు. ఈలోగా ఓపీ తెరిచే వేళయింది.

"ఏందమ్మా, లేయలేదే?" అన్నాడు మేనేజరు.

"సార్, బయట చీటీలు ఇస్తాండారా లేదా సూడండి."

ఆయన తొంగి చూశాడు. క్యూ కదులుతోంది. "ఇస్తాండారు."

"ఒకటి పడినా మిగతావి నిలబడినాయి సార్. మాకు కావాల్సింది అదే."

మూడోసారికి ల్యాబూ లేచింది. నేను చిన్నపిల్లాడిలా కేక పెట్టాను. మేనేజరు అందరికీ టీ తెప్పించాడు. ఆ తర్వాత తాళం మాట ఎవరూ ఎత్తలేదు. కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆ వరుసే ఇప్పటికీ మా క్యూను నడిపిస్తోంది.

ఆ సాయంత్రం ఆమెను బస్సు ఎక్కించడానికి వెళ్లాను. "శానా బాగ చేసినాం గదప్పా!" అంది మెట్టెక్కుతూ. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి చాపి, పందెం గెలిచినట్టు ఊపుతూనే ఉంది, సిమెంటు లారీల మధ్య ఆ బస్సు మలుపు తిరిగేదాకా.