పంజాగుట్టలో హేరోదు గుడి, దాని ముందు ఫలకం

ఎం.ఏ. చరిత్ర చదివి అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న నాకు, ఆ చరిత్రతో ఇన్నాళ్లకు ఒకసారి పని పడింది. ఎస్.ఆర్. నగర్‌లో మా హాస్టల్ కట్టిన సామ్యూల్ మేస్త్రి, క్రిస్మస్‌కని పంజాగుట్టలోని వాళ్ల చర్చిలో థర్మకోల్‌తో యెరూషలేము దేవాలయం చేస్తున్నాడు. యేసు తిరిగిన ఆ గుడిని అంత పెద్దగా కట్టించింది హేరోదు రాజని ఓసారి టీ తాగుతూ చెప్పాను. చెప్పి మర్చిపోయాను. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. "సార్, జర వచ్చి పోవాలె. నా గుడిని స్టోర్‌రూముల పెడతమంటున్నరు."

ఎనిమిదిన్నరకు బయలుదేరాను. అమీర్‌పేట కూడలి దాకా నడిస్తే పది నిమిషాలు. ఆదివారమైనా కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లు వదలరు, నాలుగు చేతిలో పడ్డాయి. పంజాగుట్టకు బస్సులు బోలెడు, తొందరలో నేను ఆటో ఎక్కాను. ఇరవై అడిగిన డ్రైవర్ పదిహేనుకు ఒప్పుకున్నాడు. దారంతా అతనికి హేరోదు కథే. రోమన్లు గద్దెనెక్కించిన సామంతరాజు, యూదులను ఏలుతూ రోమన్ల మాట జవదాటనివాడు అన్నాను.

"అంటే ఇంగ్లీషోళ్ల కింద మన నిజాం లెక్కనా అన్నా?" అన్నాడు. నా ఎం.ఏ. కంటే అదే సూటిగా ఉంది.

చర్చి హాల్లో గుడి చాలా బాగుంది. మోకాలెత్తు గోడలు, వరుసగా స్తంభాలు, రెండు నెలల సాయంత్రాల పని. దాని ముందు నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలు: 'గౌరవనీయులు శ్రీ హేరోదు మహారాజు గారి అమృత హస్తములచే నిర్మింపబడినది'. తను కట్టిన భవనాల ముందు పెట్టే శిలాఫలకాన్నే మేస్త్రి ఉన్నదున్నట్టు దించేశాడు. సండేస్కూల్ టీచర్ సుగుణ గారు, గుంటూరు ఆవిడ, మండిపడుతున్నారు.

"బేత్లెహేములో పసిపిల్లల్ని చంపించినవాడికి అమృత హస్తాలేంటండీ? పదకొండుకు పిల్లలొస్తారు. ఈ బోర్డన్నా తీయాలి, గుడన్నా లోపలికి పోవాలి."

"కట్టించినోని పేరు లేకుంటే గుడి సుత వద్దు మేడం," అన్నాడు మేస్త్రి, తల వంచుకునే.

ఇద్దరూ నావైపు చూశారు. తప్పు నాదే, సగం చెప్పి వదిలేశాను. మిగతా సగం అప్పుడు చెప్పాను. హేరోదు ఓడరేవు కట్టించాడు, కొండల మీద కోటలు కట్టించాడు. అనుమానంతో భార్యనూ ముగ్గురు కొడుకులనూ చంపించాడు. పసిపిల్లల సంగతి సువార్తలోనే ఉంది. ఎవరి అండతో ఏలాడో ఆ రోమన్ల సైన్యమే తర్వాత గుడిని కూల్చేసింది. గుడి ఆవరణకు ఆసరాగా కట్టిన గోడ మాత్రం కొంత మిగిలింది, దాని ముందు యూదులు ఇప్పటికీ ప్రార్థన చేస్తారు.

"పెండ్లాన్ని సుత చంపిండా," అంటూ మేస్త్రి బ్రష్షు అందుకున్నాడు. తర్వాత బోర్డంతా నల్లగా పూసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, మళ్లీ రాశాడు: 'కట్టించింది హేరోదు. పసిపిల్లలను చంపించింది కూడా హేరోదే.' సుగుణ గారు తలూపారు. మేస్త్రి దాని కింద ఇంకో వరుస చిన్నగా రాశాడు: 'రాళ్లు మోసినోళ్ల పేర్లు దొరకలేదు.'

"ఇదెందుకయ్యా?" అన్నారావిడ.

"సార్ ఉండే హాస్టల్ నేనే కట్టిన మేడం. ఆడ ఫలకం మీద ఎవరి పేరున్నదో సార్‌ను అడుగుండ్రి."

రెండేళ్లుగా ఆ ఫలకం కిందే చెప్పులు విడుస్తున్నాను. దాని మీద ఎమ్మెల్యే పేరుంది. చెప్పడానికి సిగ్గేసింది. హేరోదు పేరు రెండువేల ఏళ్లుగా మంచికీ చెడుకీ నిలిచే ఉంది. నా తల మీద కప్పు వేసిన మనిషి నా ఫోన్‌లో కూడా ఉత్త 'మేస్త్రి'. తిరుగు ఆటోలో దాన్ని 'సామ్యూల్ గారు' అని మార్చుకున్నాను.

గుడి జనవరి మొదటి వారం దాకా ఉంటుంది, టికెట్టు లేదు. చూడాలనుకుంటే పదకొండు లోపే వెళ్లండి, ఆ తర్వాత పిల్లల గుంపులో బోర్డు కనబడదు. చివరి వరుస బాగా కిందికి ఉంది, వంగి చదవాలి.