నేల తాగే బలం

మొన్న పొద్దున మా పాత హాస్టల్‌లో వంట చేసే అక్క ఫోన్ చేసింది. పర్ణశాల దగ్గరి బడిలో మాకు ఫిజిక్స్ చెప్పిన టీచర్ పోయారని చెప్పింది.

ఆమె పాఠం సగం నల్లబల్ల మీద, సగం బాస్కెట్‌బాల్ కోర్టులో జరిగేది. కోర్టంటే గోదావరి ఒండ్రు పోసి చదును చేసిన నేల, రెండు వైపులా కర్రలకు బిగించిన ఇనుప రింగులు. చలికాలం పొద్దున్నే మంచు దిగి అవతలి మనిషి కనిపించేది కాదు. ఆ తెల్లదనంలోంచి బంతి ఒక్కటే వచ్చేది, కలలోంచి వచ్చినట్టు. మెత్తటి నేల మీద బంతి సరిగా లేవదు కాబట్టి మాకు డ్రిబ్లింగ్ అబ్బలేదు. బంతిని ఒక్కసారి నేలకు కొట్టి అవతలి పిల్లకు అందించే పాసులే మా ఆట. టీచర్ తన చెప్పు ఒకటి విడిచి, అందుకునే పిల్లకు కాస్త దగ్గరగా నేల మీద పెట్టి, బంతి దానికే తగలాలనేవారు. అలా రెండు జతలు పాడుచేశాం.

"నేల తాగేది తాగుతది, మిగిలిందే అవతలి పిల్లకు చేరుతది. గట్టిగ కొట్టాలె," అనేవారు.

తొమ్మిదో తరగతిలో మమ్మల్ని పోటీలకు ఖమ్మం తీసుకెళ్లారు. సిమెంటు కోర్టు మీద కాలు పెట్టడం అదే మొదలు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. రింగు కింద మా కెప్టెన్ ఒంటరిగా నిలబడి చేతులు ఊపుతోంది. నేను అలవాటుకొద్దీ బలమంతా పెట్టి నేలకు కొట్టాను. బంతి ఆమె తల మీదుగా ఎగిరి గీత దాటింది. ఓడిపోయాం. కెప్టెన్ నా ముఖం చూడలేదు. ఇక జన్మలో బంతి ముట్టనని బ్యాగు సర్దుకున్నాను.

టీచర్ అందరినీ కూర్చోబెట్టారు. "దాని చెయ్యి మంచిగనే కొట్టింది. ఈ నేల తాగదని నేను ముందే చెప్పాల్సింది. చెప్పలే. తప్పు నాది," అన్నారు. పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను అదివరకు చూడలేదు. ఏడుపు ఆగలేదు.

బస్సుకు ఇంకా గంట టైముంది. వాలుతున్న ఎండలో ఖాళీ కోర్టులోకి నన్ను లాక్కెళ్లి, కుచ్చిళ్లు దోపుకుని ఎదురుగా నిలబడ్డారు. సగం బలం చాలన్నారు. నాలుగు బంతులు ఆమె నెత్తి మీదుగా పోయాయి. నాలుగుసార్లూ తనే పరుగెత్తి తెచ్చారు. ఐదోది నేలను తాకి, తీరిగ్గా లేచి, నేరుగా ఆమె చేతుల్లో వాలింది.

ఆమె దాన్ని నాకు తిరిగి వేయలేదు. గట్టు మీద ముడుచుకుని కూర్చున్న కెప్టెన్‌ను పిలిచి, బంతి ఆమె చేతిలో పెట్టి, తాను పక్కకు తప్పుకున్నారు. కెప్టెన్ దాన్ని నాకు వేసి, రెండు చేతులూ చాచి నిలబడింది.