చెదలు తిన్న స్తంభం

నాలుగేళ్ల కిందట మేము ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, మహబూబ్‌నగర్‌లో నిజాం కాలం నాటి మేడ ఒకటి కూలగొడతారని, దాని టేకు దర్వాజాలు చవకగా ఇస్తారని తెలిసింది. కొత్త కర్రకు డబ్బు తగలేయడం నాకు గిట్టదు. పన్నెండేళ్ల మనవరాలు శైలజను వెంటబెట్టుకుని వెళ్లాను.

లోపల పట్టపగలే చీకటి. పిచ్చుక అరుపు కూడా లేదు. నేను దర్వాజాలు చూస్తుండగా పిల్ల మెట్లెక్కి, హాలు చుట్టూ ఉన్న చెక్క వరండా మీదికి పోయింది. దాన్ని మోస్తున్న స్తంభాన్ని, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టాను. డొల్ల మోత వచ్చింది. గోటితో గీకితే రంగు పెచ్చు ఊడి, లోపలి నుంచి చెదల మట్టి జలజలా రాలింది. తలెత్తితే పిల్ల సరిగ్గా నా నెత్తి మీదే ఉంది.

"అవ్వా, గీడ ఎగిరితే ఉయ్యాల లెక్క ఊగుతాంది!"

నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. కానీ ఇప్పుడు అరిస్తే బెదిరి పరుగెత్తుతుంది. పరుగెత్తితే అంతా కూలుతుంది.

"శైలూ, నా బంగారు తల్లీ, ఎగరకు బిడ్డా. గోడ పొంటి మెల్లగ దిగు. నీకు ఐస్‌క్రీం కొనిస్త."

పిల్ల మొహం పాలిపోయింది. "ఏమైందవ్వా? గిట్ల మాట్లాడుతున్నవేంది?" అంటూనే గోడను పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ దిగింది. మేము వాకిలి దాటామో లేదో, మా వెనక ఆ చెక్క వరండా కుప్పకూలింది.

ఐస్‌క్రీం కొనిచ్చాను. దర్వాజాలు కొత్తవే చేయించాను. ఇప్పటికీ నేను తిడితే నవ్వే శైలజ, మెత్తగా పిలిస్తే మాత్రం ముందు పైకప్పు వైపు చూస్తుంది.