ముద్ర పడని కార్డు

నేను చదువుకున్న బడిలో ఆడపిల్లలకి ఒక సేవా సంఘం ఉండేది. మాది రాజాం వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. బడికి రెండు వీధుల అవతల ప్రభుత్వ ఆసుపత్రి. శనివారం మధ్యాహ్నం బడి విడిచాక పన్నెండు మందిమి తెల్ల ఓణీలు వేసుకుని అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళం. ముందు మా కుట్టు టీచరుగారు. సంఘం పెట్టింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు, నవ్వడం తక్కువ. బయల్దేరే ముందు మా చేత ప్రమాణం చేయించేవారు: నిజమే చెబుతాను, అడక్కుండానే సాయపడతాను, చేసిన సాయం చెప్పుకోను. ఇంటికెళ్ళాక ఆ రోజు చేసిన మంచీ, చేసిన తప్పూ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. సోమవారం ఆవిడ చూసేవారు. తప్పుల కింద నేను రాసేవన్నీ చిన్నవే. తమ్ముణ్ణి గిల్లాను, అమ్మ పిలిస్తే పలకలేదు, అలాంటివి.

ఆసుపత్రిలో కొందరు కుండల్లో నీళ్ళు నింపేవారు, కొందరు రోగులకి తలలు దువ్వేవారు. మా నాన్న తెలుగు మేష్టారు, నా చేతిరాత బాగుండేది. అందుకని నాకు ఉత్తరాలు రాసిపెట్టే పని ఇచ్చారు.

పదో తరగతిలో ఉండగా ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఒకామె ఉండేది. పాతికేళ్ళు ఉంటాయేమో. పురుడు పోసుకుంటే బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత కాళ్ళు వాచి, ఆయాసం పట్టుకుంది. తల్లి నడవలేని మనిషి, ఊళ్ళోనే ఉండిపోయింది. అన్న వారానికోసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. భర్త ఆమెకి వరసకి బావ, గరివిడిలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళాడు. అతనికే ఉత్తరం రాయమంది.

"బావా, నాను బాగానే ఉన్నాను. ఓపాలి వచ్చి సూసి ఎల్లు. అంతే రాయమ్మీ. బిడ్డ సంగతి రాయకు, పని మీద ఉన్నోడు బెంగెట్టుకుంటాడు."

రాశాను. జవాబుకి మా బడి చిరునామా పెట్టాను. తర్వాతి శనివారం మళ్ళీ అదే రాయించింది, ఆపై వారం కూడా. వెళ్ళినప్పుడల్లా జవాబు వచ్చిందేమోనని అడిగేది. లేదని చెబితే గోడవైపు తిరిగి పడుకునేది. మిగతావాళ్ళు పనులు ముగించి వచ్చేదాకా ఆ మంచం పక్కన కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉండేది.

నాలుగో వారం నాన్న సొరుగులోంచి ఒక పోస్టుకార్డు తీశాను. ఆమెకి చదువు రాదు. అయినా అక్షరాలు వంకరగా, మగవాళ్ళ రాతలా ఉండాలని చాలా తంటాలు పడ్డాను. "వచ్చే ఆదివారం వస్తాను. ఒళ్ళు జాగ్రత్త. దిగులు పెట్టుకోకు." ఇంతే రాశాను. శనివారం తీసుకెళ్ళి, బడి చిరునామాకి వచ్చిందని చెప్పి చదివి వినిపించాను. ఆమె కార్డు తీసుకుని రెండువైపులా చూసింది. మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుని తలగడ కింద పెట్టుకుంది. ఆ రోజు అన్నం తిందని, తల దువ్వించుకుందని పక్క మంచం ముసలమ్మ టీచరుగారితో చెప్పింది. నేను దారంతా గొప్ప సంతోషంతో నడిచాను. ఆ రాత్రి నోటుబుక్కులో మాత్రం మంచి కిందా రాయలేదు, తప్పు కిందా రాయలేదు.

మేము వచ్చేసిన ఆ సాయంత్రమే ఆమె అన్న బండి కట్టుకుని వచ్చాడట. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పేశాడు. అమ్మ చూడాలని ఏడుస్తోంది, రమ్మన్నాడు. ఆమె రానంది. రేపు ఆదివారం బావ వస్తాడు, వచ్చి మంచం ఖాళీగా చూస్తే ఏమనుకుంటాడు అంది. అతను కార్డు చూశాడు, సిస్టరు చేత చదివించుకున్నాడు, కోపంగా ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

ఇదంతా తర్వాతి శనివారం ఆమే చెప్పింది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆదివారం ఎవరూ రాలేదు. నేను నిజం చెప్పవలసింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆమె కార్డు నా చేతికిచ్చి మళ్ళీ చదవమంది. "వచ్చే ఆదివారం" అని చదవగానే ఆపింది.

"వచ్చే ఆదివారం అంటే మొన్నటిది కాదేమో అమ్మీ. రేపటిదేమో."

నేను తల ఊపాను.

సోమవారం తెల్లవారేసరికి ఆమె పోయింది. దగ్గర ఎవరూ లేరు.

ఆమె పోయి పదిరోజులు కాకముందే అన్న మా బడికి వచ్చాడు. ప్రార్థనకి వరసల్లో నిలబడి ఉన్నాం. భుజాన తువ్వాలుతో వరండాలో నిలబడి టీచరుగారికి కార్డు చూపించాడు. చావు కబురు విని భర్త వచ్చాడట. గరివిడి పని ఎప్పుడో పోయిందనీ, రాయగడ వైపు వంతెన పనిలో ఉన్నాననీ, ఏ ఉత్తరమూ అందలేదనీ, కార్డు తను రాయలేదనీ ఒట్లు వేస్తున్నాడట.

"ఆడి మాట నమ్మాలో నేదో తెలక వచ్చినానమ్మా. మీ పిల్లలేటైనా రాసినారా?"

టీచరుగారు కార్డును చాలాసేపు చూశారు. మావైపు తిరిగి, ఇది ఎవరైనా రాశారా అని అడిగారు. నా పక్క పిల్ల ఊపిరి నాకు వినిపిస్తోంది. ఎవరూ పలకలేదు. "మా పిల్లలు రాయలేదు బాబూ" అని కార్డు అతనికి ఇచ్చేశారు. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. పరీక్షలు దగ్గరికొచ్చాయని చెప్పారు. ఏడాది చివర బహుమతుల రోజున ఉత్తమ సేవకి నన్ను పిలిచి ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు టీచరుగారు నా మొహం చూడలేదు.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. నేనూ టీచర్నే అయ్యాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యాక, కిందటేడు, టీచరుగారు ఆమదాలవలసలో మేనకోడలి ఇంట్లో ఉన్నారని తెలిసి రైలెక్కి వెళ్ళాను. ఎనభై దాటాయి, కళ్ళు బాగా తగ్గిపోయాయి. నా పేరు చెప్పగానే పక్కన కూర్చోమన్నారు. నేను మొదలుపెట్టేలోగా ఆవిడే అన్నారు.

"కార్డు సంగతికేనా వచ్చావు? మీద పోస్టాఫీసు ముద్రే లేదు. అక్షరాలు మార్చావు గానీ, ఒళ్ళు అన్న చోట నీ 'ళ' నీదే. వారం వారం నోటుబుక్కులో చూసిన రాత నాకు తెలీదేటి?"

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పదిహేనేళ్ళ పిల్లవి. అందరిలో నిలబెడితే ఏటైపోతావో అనుకున్నాను. నువ్వే వస్తావని ఆ సాయంత్రం చీకటి పడే వరకూ కుట్టుగదిలో కూర్చున్నాను. వచ్చుంటే ఇద్దరం ఆమె అన్న ఊరు ఎల్లేవోళ్ళం." ఒళ్ళో కొంగు సర్దుకుని, "ఆ తర్వాత ప్రమాణం చేయించడానికి నాకు నోరు రాలేదు" అన్నారు.

ఊరి పేరు ఆవిడకి గుర్తుంది.

పదిరోజుల తర్వాత ఆ ఊరు వెళ్ళాను. అన్న బతికే ఉన్నాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్నాడు. నేనెవరో చెప్పి, మొదటినుంచీ ఏదీ దాచకుండా చెప్పాను. మధ్యలో చేట పక్కన పెట్టాడు. నేను ముగించాక ఒళ్ళో పడ్డ కందిపొట్టు దులుపుకున్నాడు.

"అయితే ఆడు అబద్దం ఆడనేదన్నమాట" అన్నాడు.

లేదన్నాను.

"పెద్దకర్మకి మల్లీ వచ్చినాడు. బడికెల్లి కనుక్కొచ్చినానని, నువ్వే దొంగవని, ఊరి మొగలో ఆపి సెప్పుతో కొట్నాను. ఎదురు సెయ్యి ఎత్తనేదు. అదే పోత, మల్లీ ఈ ఊరు రానేదు."

ఇప్పుడతను ఎక్కడున్నాడని అడిగాను. ఎవరికీ తెలియదన్నాడు. ఒడిశా వైపు ఉన్నాడని ఒకప్పుడు ఎవరో అన్నారట, అది కూడా ముప్ఫయ్యేళ్ళ కిందటి మాట. క్షమించమని అడగడానికి నాకు నోరు లేచింది కాదు. కోడలు లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగుతుండగానే అతను గోడ పట్టుకుని లేచి, పశువులకి నీళ్ళు పెట్టాలంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగి వస్తాడేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. ఆఖరి బస్సు అయిదింటికని కోడలు చెప్పింది. లేచి రోడ్డు మీదికి నడిచాను.