గిర్ని ప్రతిరోజు తెరిచి యుండును

మా ఎదురింటి గిర్ని అన్న పోయాడు. పోయిన నెల నేను గుంటూరు దగ్గర మా పుట్టింట్లో ఉండగా మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్నే గుండెనొప్పి వచ్చిందట, నిజామాబాద్ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. అలాంటి కబురు విన్న మనిషి అయ్యో అనాలి. నా నోటి నుంచి మాత్రం, "గిర్ని తెరిచే ఉందా?" అన్న మాట వచ్చింది. "ఇదేం ప్రశ్నే? షట్టర్ సగం ఎత్తి ఉంది. దించాలని ఎవరికీ తోచినట్టు లేదు" అన్నారు. ఆ ప్రశ్న వెనకున్న సంగతి ఆయనకు ఇన్నేళ్లూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆయన కూడా చదువుతారు, చదవనీ.

మేము తొంభై మూడులో బాన్సువాడ వచ్చాం, కాలువ కింద పొలం కొనుక్కుని. మా వైపు పిండిమర అనేదాన్ని ఇక్కడ గిర్ని అంటారు. రోడ్డుకు ఆ పక్క గిర్ని, ఈ పక్క మా గేటు. కొత్త ఊరు, ఎవరినీ తొందరపడి నమ్మకు అని మా అత్తగారు చెప్పి పంపారు. ఆ మాట నాకు చెప్పనక్కర్లేదు. పాలవాడు నవ్వితే పాలలో నీళ్లెన్ని అని చూసే రకాన్ని నేను.

అలాంటి నాకు ఎదురుగా ఆయన దొరికాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. తల నుంచి మోకాళ్ల దాకా పిండి, కాళ్లకు మాత్రం మొహం చూసుకునేలా మెరిసే నల్ల బూట్లు. పిండి పట్టేవాడికి ఆ బూట్లేమిటి? నడిస్తే నిటారుగా నడిచేవాడు. బల్ల మీద తూకం రాళ్లు సైజు వారీగా వరుసలో ఉండాలి, ఒకటి పక్కకు జరిగినా ఊరుకునేవాడు కాదు. ఏటా యాసంగి నాట్లు, మా వైపు దాళ్వా అంటాం, అయిపోగానే ఒక నల్ల రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కేవాడు. రెండు నెలలు గిర్నికి తాళం. తిరిగొచ్చేసరికి మనిషి నల్లబడి, జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉండేది.

"ఎక్కడికి వెళ్లారు అన్నయ్యా?" అని అడిగితే, "పనుండె చెల్లె, పోయొచ్చిన" అనేవాడు. అంతకన్నా ఒక్క ముక్క రాలేది కాదు. ఆయన భార్యను, వదినను, అడిగినా అదే జవాబు.

బజారు ఊరుకుంటుందా! సరిహద్దు అవతల మహారాష్ట్ర దెగ్లూరులో ఇంకో సంసారం ఉందని ఒకరు, పోలీసులకు కబుర్లు మోస్తాడని ఒకరు, కాదు అడవిలో ఉన్నవాళ్లకే మోస్తాడని ఇంకొకరు. రోజులు అలాంటివి. ఊళ్లలోకి చీకట్లో వచ్చేవాళ్లకూ, పగలు జీపుల్లో వచ్చేవాళ్లకూ జనం సమానంగా భయపడే కాలం. నా ఓటు దెగ్లూరు సంసారానికి. ఆయన అటు నుంచి వచ్చే బియ్యం సంచుల వాళ్లతో మరాఠీ గడగడా మాట్లాడతాడు కదా, ఇంకేం రుజువు కావాలి?

ఇన్ని అనుమానాల మధ్య కూడా ఆయన మాకు చేసిన మేలు తక్కువ కాదు. జొన్న వాసన తగలకూడదని నా బియ్యప్పిండి ఎప్పుడూ పొద్దున్నే, రాయి తుడిచి, అందరికన్నా ముందు పట్టి ఇచ్చేవాడు. మా అత్తగారు చూడటానికి వచ్చి వాకిట్లో కళ్లు తిరిగి పడిపోతే, సగం పట్టిన గోధుమలు అలాగే వదిలేసి, ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది ఆయనే. ఆ ఒంటి నిండా పిండితోనే సాయంత్రం దాకా ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఒకసారి స్టీలు సామాన్లమ్మే మనిషి గేటు దగ్గరికి వచ్చి, "సార్ లేరా అమ్మా?" అన్నాడు. "పొలానికి వెళ్లారు, సాయంత్రం దాకా రారు" అని చెప్పేశాను. వాడు వెళ్లగానే గిర్ని అన్న గబగబా రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంది చెల్లె, గట్ల చెప్తవ్? వాడెవడో నీకు ఎరుకనా?"

"గిన్నెలమ్ముకునేవాడే కదా అన్నయ్యా."

"గిన్నెలు అమ్మనీ, గిన్నెలు కొననీ. తెల్వనోనికి తొవ్వ చూపెట్టు, ఇల్లు చూపెట్టకు. గంతే."

నాకు నవ్వొచ్చింది. అనుమానంలో నన్ను మించినవాడు ఒకడున్నాడని సంతోషం కూడా వేసింది.

తొంభై ఎనిమిదిలో, వానలు మొదలవ్వకముందు, ఒక మధ్యాహ్నం స్కూటర్ మీద ఒకాయన వచ్చి మా గేటు ముందు ఆగాడు. ఇన్‌షర్ట్, చంకలో ఫైలు. ఎవరో చెప్పలేదు, ఎక్కడి నుంచో చెప్పలేదు. ఎదుటి షట్టర్ వైపు చూపించి, "ఈ గిర్ని రోజూ నడుస్తదా? మనిషి ఎట్లాంటోడు?" అని అడిగాడు. ఆ రోజు గిర్ని మూసి ఉంది. గిర్ని అన్న ఇంటిల్లిపాదీ కోటగిరిలో పెళ్లికి వెళ్లారు. ఆ సంగతి నాకు తెలుసు. వెళ్లేముందు వదిన తాళంచెవి నాకే ఇచ్చి వెళ్లింది.

అయినా నేను, "ఏమోనండీ, ఎప్పుడూ బందే ఉంటుంది. ఆయన సంగతి ఇక్కడెవరికీ తెలియదు" అన్నాను.

ఎందుకన్నాను? ఫైలు చూసి భయం ఒక వంతు. ఏటా రెండు నెలలు ఎక్కడికి పోతాడో చెప్పని మనిషి మీద ఉక్రోషం మూడు వంతులు. పోలీసులే అయితే కాస్త కదిలిస్తారు, గుట్టు బయటపడుతుంది అనుకున్నాను. వచ్చినాయన నిలబడే ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది.

ఆ మరుసటి ఏడు యాసంగి నాట్లు అయిపోయాయి. గిర్ని అన్న కదల్లేదు. అటక మీంచి రేకు పెట్టె దిగలేదు. "ఈసారి దెగ్లూరు వాళ్లు రానివ్వలేదేమో" అని గిర్ని ముందు వరుసలో నిలబడి ఆడవాళ్లతో అన్నాను, అందరం నవ్వాం. వదిన లోపల జల్లెడ పడుతూ ఉంది. వినే ఉంటుంది.

ఎండాకాలం వచ్చేసరికి కార్గిల్ యుద్ధం మొదలైంది. ఆయన గిర్నిలో రేడియో పెట్టాడు. వార్తలొచ్చే వేళకు మోటారు ఆపేసేవాడు, ఎవరెంత తొందర పెట్టినా సరే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గోధుమల డబ్బాతో నేనొక్కదాన్నే మిగిలాను. రేడియో ఏదో చెబుతుంటే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పిండి పడిందేమో అనుకున్నాను. తరవాత ఆయనే మొదలుపెట్టాడు.

"మా పటాలాన్ని పిలిచిండ్రు చెల్లె. అందరు పోయిండ్రు."

నా డబ్బాలోంచి గుప్పెడు గోధుమలు తీసి రేకు మూత మీద పోశాడు. పది గింజలు పక్కకు జరిపాడు. "గీ పది మంది ఒక సెక్షను. మూడు సెక్షన్లు ఒక ప్లటూను. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ. నాలుగు కంపెనీలయితే ఇగ పటాలమైనట్టె. గసొంటి పటాలాలు ఎన్నో కలిస్తె ఒక రెజిమెంటు." తరవాత పక్క సంచిలోంచి నాలుగు జొన్న గింజలు తీసి, ఆ గోధుమల చివర పెట్టాడు. "గివి మేము. టెరిటోరియల్ పటాలం. రెగ్యులరోళ్లయి చిన్న నంబర్లు, మాయి నూరు దాటిన నంబర్లు. గాని రెజిమెంటు ఒక్కటే, టోపీ మీద బిళ్ల ఒక్కటే. వాళ్లకు ఏడాదంత అదే పని. మేము ఏటా రెండు నెలలు పోయి కవాతు చేస్తం, తుపాకి మర్వకుంట చూసుకుంటం, మళ్లొచ్చి ఎవని పని వాడు చేసుకుంటం. లడాయి వస్తె మాకు పిలుపొస్తది. వంతెనలు, రైలు పట్టాలు, సామాన్ల గోదాములు మేము కాస్తె, అక్కడున్న రెగ్యులరోళ్లు ముందటికి పోతరు. ఉరికేటోడే కాదు చెల్లె, నిలబడేటోడు గూడ సిపాయే."

నల్ల బూట్లు, కత్తిరించిన జుట్టు, రేకు పెట్టె, బెల్గాం పటాలంలోనో ఎక్కడో నేర్చిన మరాఠీ, అన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. ఎందుకు దాచారని అడిగాను. "ఆ దినాలల్ల ఎవనికి చెప్పాలె? యూనిఫామని తెలిస్తె నాకేం కాకున్నా ఇంటోళ్ల మీదికి వస్తది" అన్నాడు.

"మరి మీరెందుకు వెళ్లలేదు?"

ఆయన జొన్న గింజల్లోంచి ఒకటి తీసి నేల మీద పడేశాడు. "మాకు ఒక కాయిదా ఉంటది, రూలన్నట్టు. ఊర్ల సొంత పని ఉన్నోన్నే తీసుకుంటరు. పని లేనోడు, ఉద్యోగం లేనోడు వద్దు. ఏడేండ్లయినంక సర్వీసు పెంచాలంటె, పని నడుస్తుందా లేదా అని మనిషొచ్చి అడిగి పోతడు. నా గిర్ని నడుస్తలేదని రిపోర్టు పోయింది. పేరు కొట్టేసిండ్రు. కాయితాలు రాసిన, సర్పంచుతోని రాయించిన. గా లోపట వయసు దాటిందన్నరు."

నేనే చెప్పాను అన్నయ్యా అనాలి. అనేలోపు కరెంటు వచ్చింది. ఆయన లేచి మోటారు వేశాడు. ఆ చప్పుడులో ఏం చెప్పినా వినబడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేని మాటే, కానీ ఆ రోజు ఆ చప్పుడే నన్ను కాపాడింది.

ఆరేళ్లు, ఎక్కడికి పోతాడో తెలియని మనిషి మీద అనుమానపడ్డాను. ఆ తరవాత ఆయనకు నా సంగతి తెలుసేమో అన్న అనుమానంతో బతికాను. ఆ వానాకాలంలోనే ఆయన ఒక రేకు బోర్డు రాయించాడు. "గిర్ని ప్రతిరోజు తెరిచి యుండును." ఆ బోర్డును రోడ్డు మీద వచ్చేవాళ్లకు కనబడేలా కాకుండా, సరిగ్గా మా గేటు వైపు తిప్పి కొట్టించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ముగ్గు వేయడానికి వెళ్లిన ప్రతి పొద్దూ ఆ అక్షరాలు చదివేదాన్ని. ఆయన బియ్యప్పిండి ముందుగానే పట్టి ఇస్తే, ఇందులో ఏదైనా ఎత్తిపొడుపు ఉందా అని చూసేదాన్ని. "బాగున్నవా చెల్లె?" అంటే, ఆ బాగులో ఏముంది అని ఆలోచించేదాన్ని.

అప్పటి నుంచి గిర్ని ఒక్కరోజు కూడా మూయలేదు. పండగకు తెరిచాడు, జ్వరంలో తెరిచాడు. ప్యాకెట్ పిండి వచ్చి, పిండి పట్టించేవాళ్లు తగ్గినా, పొద్దున్నే షట్టర్ ఎత్తి, బూట్లు తుడుచుకుని, బల్ల పక్కన నిలబడేవాడు. కూతురి పెళ్లి రోజు కూడా తాళాలు తమ్ముడికిచ్చి తెరిపించాడు. జనం పిచ్చి అనుకున్నారు. నేనొక్కదాన్నే ఏమీ అనలేదు.

పుట్టింటి నుంచి వచ్చి, దశదినం అయ్యాక వదిన దగ్గర కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ ఫైలు మనిషికి చెప్పింది నేనే వదినా" అన్నాను. ఏడ్చాను కూడా.

వదిన నా వైపు చూసి, "ఆయనకు ఎరుకే" అంది. "ఎదురింటామె చెప్పిందని రిపోర్టుల రాసుంటె, పటాలం ఆఫీసోళ్లు చదివి వినిపిచ్చిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. నీ ఇంటికొచ్చి కొట్లాడుదునే. ఆయనే ఆపిండు. నవ్విండు గూడ. ‘తెల్వనోనికి ఇల్లు చూపెట్టకని నేనే చెప్తి. చెల్లె గదే చేసింది. మనల్ని కాపాడిననుకుంది పాపం. కాపలా కాసే సెంట్రీ అంటె గట్లుండాలె’ అన్నడు."

"మరి ఆ బోర్డు? మా గేటు వైపే పెట్టారు కదా!"

"రిపోర్టోడు అప్పుడు మీ గేటు కాడ నిలబడ్డడు గద. మళ్లొస్తె అక్కడి నుంచే చూస్తడని. మళ్ల పిలుస్తరని చివరిదాక చూసిండు."

నేను ఆయన్ను కాపాడలేదు. ఉక్రోషంతో అన్నాను. వదినకు ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది. చెప్పలేకపోయాను. ఆయన నన్ను సెంట్రీ అనుకునే వెళ్లిపోయాడు. ఆ మెడల్ నాది కాదని ఇక ఎవరికి తిరిగిచ్చేది?

నిన్న మధ్యాహ్నం మహమ్మద్ నగర్ వైపు నుంచి ఒకాయన బండి మీద జొన్నల సంచి వేసుకుని వచ్చాడు. దించిన షట్టర్ చూశాడు. బోర్డు చూశాడు. బండి తిప్పి మా గేటు దగ్గర, సరిగ్గా ఆ ఫైలు మనిషి నిలబడ్డ చోటే ఆపి, "అక్కా, గిర్ని బందే ఉంటదా?" అని అడిగాడు.

ఆ ఫైలు మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. నిన్న అదే మాట నిజం. గేటు పట్టుకుని నిలబడ్డాను గానీ, అవునన్న మాట నోట్లోంచి రాలేదు. ఆయన సంచి సర్దుకుని బజారు వైపు వెళ్లిపోయాడు.